పాసు మీద వచ్చిన అక్క

ఏరు గోడ దాటి రన్‌వే మీదికొచ్చిన ఏడాది అది. మా విమానాశ్రయంలో పనిచేసినవాళ్ళు ఇప్పటికీ ఏ సంగతైనా ఆ వరదకి ముందా, తర్వాతా అనే చెప్పుకుంటారు. పెళ్ళిళ్ళూ అంతే, చావులూ అంతే.

పోయిన వారం కథ ఆ నీళ్ళ దగ్గరే ఆగింది. కొత్తగా చదివేవాళ్ళకి వెనకటిది నాలుగు ముక్కల్లో చెప్తాను.

నేను విమానాలని వెనక్కి నెట్టే బండి తోలేవాణ్ణి. కాంట్రాక్టు మనిషిని. మా అమ్మాయి మాత్రం కంపెనీ మనిషి. ఇంట్లోనూ బయటా అందరం దాన్ని అమ్మడు అంటాం. ఒక విమానం దిగి ఇంకోటి అందుకోవాల్సినవాళ్ళకి దారి చూపించే కౌంటర్లో కూర్చుంటుంది. మా అక్క కళ్ళకి పొర కమ్మింది. మా ఊరి పెద్దాసుపత్రిలో ఆపరేషన్ చేయిస్తానని అమ్మడు పట్టు పట్టింది. కంపెనీవాళ్ళకి ఇంట్లోవాళ్ళ కోసం పాసులిస్తారు. సీటు మిగిలితే ఎక్కిస్తారు, మిగలకపోతే పక్కన కూర్చోమంటారు. ఆ పాసు అమ్మానాన్నలకి, మొగుడూ పెళ్ళాలకి, పిల్లలకి. మేనత్తకి లేదు.

అమ్మడు తేలిగ్గా నవ్వేసింది. "అమ్మ చోటు ఖాళీగానే ఉందిగా నాన్నా, అత్తని అందులో కూర్చోబెడదాం" అంది. పాసులిచ్చే గదికెళ్ళి, ఆవిడ మా అమ్మ అని చెప్పేసింది. అబద్ధం చెప్పానని అనుకుంది.

అది అబద్ధం కాదు. అమ్మడిని కన్నది మా అక్కే. ఎన్నేళ్ళకీ నా భార్య ఒడి నిండకపోతే, పుట్టిన రోజే తెచ్చి ఆ ఒడిలో పెట్టింది. కన్నానన్న మాట తన నోటెంట రాదని నా భార్య చేతిలో చెయ్యేసి ఒట్టు పెట్టుకుంది. అమ్మడు బడికి పోయే వయసులో నా భార్య పోయింది. ఒట్టు మిగిలింది. ఇక చెప్పాల్సినవాణ్ణి నేను. నా సంగతి మీకు తెలిసిందే, పక్కన పిడుగు పడినా ఊఁ అని ఊరుకునే మనిషిని.

అక్క విమానం గాల్లో ఉండగానే ఏరు పొంగింది.

మా కంపెనీ విమానాలు కాకుల్లా ఎటు పడితే అటు ఎగరవు. బండి చక్రంలో ఆకులన్నీ నడుమ కుంభంలోకి వచ్చి దిగినట్టు, ఏ ఊరి విమానమైనా ముందు హబ్‌కి రావాల్సిందే. అలాంటివి రెండున్నాయి. మాది పెద్దది, ఉత్తరాన ఉన్నది చిన్నది. ఈ చివరి ఊరివాడు ఆ చివరి ఊరికి పోవాలన్నా మా దగ్గర దిగి, మారి పోవాలి. పొద్దున ఒక మంద దిగుతుంది, కాసేపు సంతలా ఉంటుంది, ఆ మందే వేరే వేరే రెక్కలు కట్టుకుని ఎగిరిపోతుంది. సాయంత్రం మళ్ళీ అదే. అలాంటి కుంభంలోకి నీళ్ళొస్తే ఆకుల గతి ఏం చెప్పను.

విమానాలకి కంపెనీ పెట్టిన పేర్లు వేరే ఉన్నాయి. మేం మా పేర్లతోనే పిలుచుకుంటాం. సముద్రాలు దాటే లావువి గుమ్మడికాయలు. సన్నగా పొడుగ్గా ఉండేవి కొంగలు. రెక్కలకి పంకాలున్న చిన్నవి తూనీగలు. వరద దెబ్బకి గుమ్మడికాయ నిలవాల్సిన ఊళ్ళో తూనీగ పడుకుంది. తూనీగలు దిగే చిన్న ఊళ్ళో గుమ్మడికాయ దిగి, దాన్ని అందుకునే పొడుగు మెట్లు ఆ ఊళ్ళో లేక, లోపలి జనం అందులోనే ఉండిపోయారు. పైలట్లు ఒక ఊళ్ళో, విమానాలు ఇంకో ఊళ్ళో, పెట్టెలు ఇంకెక్కడో. ఎవరిని ఏమడిగినా ఒకటే జవాబు. తెలీదు.

అక్క ఎక్కిన కొంగని చిన్న హబ్‌కి మళ్ళించారు. అక్కడ టిక్కెట్లు కొన్నవాళ్ళే నేల మీద పడుకుంటుంటే, పాసువాళ్ళకి సీట్లెలా ఇస్తారని గొడవలయ్యాయి. దాంతో పాసు మీద వచ్చిన ప్రతి మనిషినీ పిలిచి అడగడం మొదలుపెట్టారు. అక్కడి కౌంటర్లో ఒకావిడ అక్కని మర్యాదగానే అడిగిందట, కంపెనీలో మీవాళ్ళెవరమ్మా అని. ఎవరడిగినా అమ్మనని చెప్పు అత్తా అని అమ్మడు ఫోన్లో మళ్ళీ మళ్ళీ చెప్పింది. అక్క సరేనంది. తీరా అడిగేసరికి, ఇన్నేళ్ళూ తిరిగిన నాలుక అలవాటైన దారినే తిరిగింది.

"మా తమ్ముడి కూతురు" అంది.

కూతురు అబద్ధమనుకుని నిజం చెప్పింది. తల్లి ఒట్టుకి కట్టుబడి ఆ నిజాన్ని పడగొట్టింది. ఏది నిజమో ఏది కాదో, అన్నీ తెలిసిన నాకే తల తిరిగిపోయింది.

ఆ కబురు మా హబ్‌లో పాసులు తనిఖీ చేసే ఆఫీసరుకి చేరింది. మేం ఆయన్ని జల్లెడ అంటాం. నలుసుని కూడా వదలడు, కానీ చెడ్డవాడు కాదు. వరదకి ముందటేడు, స్నేహితుణ్ణి తమ్ముడని చెప్పి పాసు మీద తిప్పిన ఒక కుర్రాడి ఉద్యోగం ఈయన చేతుల మీదుగానే పోయింది. ఆ కుర్రాడు ఏడిస్తే ఈయన కూడా కళ్ళు తుడుచుకున్నాడు. ఉద్యోగం మాత్రం పోయింది.

ఒక రన్‌వే ఆరగానే విమానాలు మెల్లగా రావడం మొదలైంది. మునిగిన ఊరికి ఎవరొస్తారు, ఇటొచ్చేవన్నీ ఖాళీ. అలా ఒక గుమ్మడికాయలో ఆ మూల ఒకరూ ఈ మూల ఒకరూ కూర్చుంటే, వాళ్ళలో అక్కని కూడా పంపించారు. దిగిన మనిషిని దిగినట్టే జల్లెడ గదికి తీసుకెళ్ళారు. అమ్మడిని కౌంటర్ నుంచి పిలిచారు. నన్ను బండి మీంచి పిలిచారు.

గదిలో తడిసిన తివాచీ చుట్టి గోడకి ఆనించారు. కిటికీలోంచి చూస్తే, మూతులు తలా ఒక దిక్కు పెట్టి విమానాలు నిలబడి ఉన్నాయి. అక్క కుర్చీ అంచు మీద కూర్చుంది. అమ్మడు ఆమె వెనక నిలబడింది. నేను బురద బూట్లతో తలుపు దగ్గరే ఆగాను. జల్లెడ నన్ను లోపలికి రమ్మన్నాడు. నేల ఎలాగూ పాడైంది పెద్దాయనా, ఫర్లేదు అన్నాడు.

ఆయన అమ్మడిని అడిగిన మొదటి మాట ఇది. "చేరినప్పుడు అమ్మ లేదన్నావు. ఇప్పుడు అమ్మ వచ్చిందంటున్నావు. మధ్యలో ఈవిడ ఏ స్టేషన్లో ఎక్కిందమ్మా?"

ఇంకెవరైనా అయితే నవ్వొచ్చేది. నాకు అరికాళ్ళు చల్లబడ్డాయి. పిల్ల ఇప్పుడు తప్పయిపోయింది సార్ అంటుంది, అంటే ఉద్యోగం పోతుంది, పోతే పోయింది, ఇంట్లో కూర్చుంటుంది, ఇంత ముద్ద పెట్టలేనా అని ఒక పక్క అనుకున్నాను. ఆ కౌంటర్ దానికి ప్రాణమని ఇంకో పక్క తెలుసు. తప్పిపోయినవాళ్ళని వాళ్ళ వాళ్ళ విమానాలకి చేర్చడం దానికి పని కాదు, ఆట. వరద రోజుల్లో ఇంటికి కూడా రాలేదు. నోరు విప్పి అసలు సంగతి చెప్తే ఆ ఉద్యోగం నిలబడుతుంది. మరి నేనేమవుతాను? మేనమామనవుతాను. అడకత్తెరలో పోకచెక్క అంటారే, అదీ నా పరిస్థితి.

నేనింకా అటూ ఇటూ ఊగుతుండగానే అమ్మడు తడుముకోకుండా చెప్పింది.

"పోయినావిడ నన్ను పెంచిన తల్లి సార్. ఈవిడ కన్న తల్లి. పుట్టిన రోజే ఇచ్చేసింది. అందుకే అమ్మ లేదని రాయించాను."

నా చెవుల్లో విమానం ఇంజను మొదలైనట్టయింది. దీనికెలా తెలుసు? ఎవరు చెప్పారు? అక్క వైపు చూశాను. అక్క కుర్చీ చెయ్యి పట్టుకుని నా వైపే చూస్తోంది, నేను కనపడుతున్నానో లేదో తెలీదు. నువ్వు చెప్పావా అని ఆమె, నువ్వు చెప్పావా అని నేను. అమ్మడి మొహంలో ఏమీ లేదు. ఆలస్యమైన విమానం ఇప్పుడే వచ్చేస్తుందని ప్రయాణికులకి చెప్పేటప్పుడు ఎలా ఉంటుందో అలా ఉంది.

జల్లెడ నమ్మలేదు. ఇలాంటి కథలు రోజుకి నాలుగు వింటానమ్మా అన్నాడు. కుర్చీ నా వైపు తిప్పుకున్నాడు. ఈ పెద్దాయన అబద్ధమాడే మనిషి కాదని బండ్లవాళ్ళందరూ అంటారు, ఆయనే చెప్పాలి అన్నాడు.

"చెప్పండి. ఈ అమ్మాయిని కన్నది ఈవిడేనా?"

అక్క కిందికి చూస్తోంది. అమ్మడు మాత్రం నా వైపు చూసి కన్ను ఆర్పీ ఆర్పనట్టు ఆర్పింది. చిన్నప్పుడు బడి ఎగ్గొట్టి పంతులమ్మ ముందు నన్ను సాక్ష్యానికి నిలబెట్టినప్పుడు కూడా ఇలాగే ఆర్పేది. అప్పుడర్థమైంది. దానికేమీ తెలీదు. అప్పటికప్పుడు అల్లేసింది. గుడ్డివాడు విసిరిన రాయి గురి తప్పకుండా తగిలినట్టు, దాని అబద్ధం తిన్నగా వచ్చి నిజానికి తగిలింది.

"అవును" అన్నాను. ఆ ఒక్క మాట నా జీవితంలో అన్నిటికన్నా బరువైన మాట. అన్నాక చూసుకుంటే గదిలో ఏమీ మారలేదు. అమ్మడు గుండెల నిండా గాలి పీల్చుకుంది, అంతే.

జల్లెడ ఇంకా వదల్లేదు. అక్కని అడిగాడు, మరి అక్కడ తమ్ముడి కూతురని ఎందుకన్నావమ్మా అని. కొంచెం గట్టిగానే అడిగాడు.

అక్క తల ఎత్తింది. ఆ మసక కళ్ళతో గొంతు వినపడే దిక్కుకి చూసింది.

"ఇచ్చేసినదాన్ని నాదని ఎలా అనను బాబూ? నోరెలా వస్తుంది?"

జల్లెడ బల్ల మీదున్న కళ్ళజోడు తీసి తుడిచాడు, పెట్టుకున్నాడు, మళ్ళీ తీశాడు. ఆ తర్వాత అమ్మడితో, వెళ్ళి నీ పని చూసుకో, బయట జనం నీ కోసం అరుస్తున్నారు అన్నాడు. నన్ను చూడలేదు. అక్క లేస్తుంటే మాత్రం ఆయనే వచ్చి గడప దాకా చెయ్యి పట్టుకుని నడిపించాడు.

నమ్మాల్సిన పరాయివాడు నమ్మాడు. నమ్మాల్సిన పిల్ల నమ్మలేదు.

బయటికి రాగానే అమ్మడు పొట్ట పట్టుకుని నవ్వింది. నాన్నా, నువ్వు కూడా ఇంత చక్కగా అబద్ధమాడతావని ఇన్నాళ్ళూ తెలీదు అంది. అత్తా, నువ్వు మామూలుదానివి కాదు, ఆ ఒక్క మాటతో జల్లెడకి చిల్లు పెట్టేశావు అంది. అక్క బుగ్గ మీద ముద్దు పెట్టి కౌంటర్ వైపు పరిగెత్తింది. అక్కా నేనూ వసారాలో ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకుంటూ నిలబడిపోయాం. పక్కనుంచి సామాన్లు తోసుకుంటూ జనం, ఏ గేటు, ఏ గేటు అని అడుగుతూ పోతున్నారు. మా ఇద్దరికీ మేమెక్కడున్నామో తెలియనట్టుంది.

సాయంత్రం ఇంట్లో అసలు నాటకం మొదలైంది. జల్లెడ మళ్ళీ ఎప్పుడైనా అడగొచ్చు, అలవాటు చేసుకోవాలి అంది అమ్మడు. ఇక నుంచి నువ్వు అత్తవి కాదు, అమ్మవి అంది. అమ్మా, మంచినీళ్ళు. అమ్మా, దుప్పటి సరిపోయిందా. అమ్మా, నాన్న ఎప్పుడూ ఇంతేనా, మాట్లాడడా. ప్రతిదానికీ అక్క ఊఁ అంటోంది. ఒకసారి చేతిలో గ్లాసు జారింది. ఒకసారి పిలవకుండానే పలికింది. అమ్మడు నవ్వి నవ్వి, నువ్వు భలే నటిస్తావు అంది. నేను బూట్లకున్న బురద గీకుతూ కూర్చున్నాను. ఎంత గీకినా పోవట్లేదు.

ఆపరేషన్‌కి ముందు కళ్ళల్లో చుక్కలు వెయ్యాలి. అమ్మడు అక్కని మంచం మీద వెనక్కి వాల్చి, గడ్డం పట్టుకుని, మొహంలో మొహం పెట్టి మొదటి చుక్క వేసింది. ఏడవకే అమ్మా, మందు బయటికి పోతుంది అని ఏదో అంటోంది. అంటూ అంటూ ఆగింది. చుక్కలు వేసే చెయ్యి గాల్లోనే ఉండిపోయింది. అక్క మొహాన్ని అంత దగ్గర్నుంచి అది ఎప్పుడూ చూడలేదేమో. నవ్వు ఎటు పోయిందో పోయింది. రెండో కంట్లో చుక్క వేసి, సీసా మూత పెట్టి లేచింది.

ఆ తర్వాత పడుకునేదాకా అక్కని అది అత్తా అనలేదు, అమ్మా అనలేదు. ఇదుగో అంది, ఇలా రా అంది, అంతే. ఏం చూసిందో, ఏమనుకుందో నాకు తెలీదు. అడిగే నోరు నాకు లేదు.

వంటగదిలో గిన్నెలు కడుగుతుంటే అక్క గోడ తడుముకుంటూ వచ్చింది. రేపు వెళ్ళిపోతానురా అంది. ఎల్లుండి కదా ఆపరేషన్ అన్నాను. అక్క సింకు అంచు పట్టుకుని నిలబడింది.

"అది ఆట అనుకుని పిలుస్తోంది. నేను నిజం అనుకుని పలుకుతున్నాను. ఇంకో రోజుంటే నోరు జారతాను తమ్ముడూ. పెదవి దాటితే పృథివి దాటుతుంది."

కళ్ళ మాటేమిటి అన్నాను.

"కళ్ళు బాగైతే దాన్ని ఇంకా బాగా చూడాల్సొస్తుంది" అంది.

అనాల్సిన చోట అననివాణ్ణి అప్పుడూ అనలేదు. తెల్లారితే మనసు మార్చుకుంటుందిలే అని పడుకున్నాను.

మర్నాడు పొద్దున అమ్మడు నాకన్నా ముందే పనిలోకెళ్ళింది. నేను లేచేసరికి అక్క గది తలుపు వేసుంది. పడుకుంది కదా అని లేపకుండా వెళ్ళిపోయాను. లేపి చూడాల్సింది.

మొదటి డ్యూటీ ఒక కొంగది. అక్క వాళ్ళ ఊరికి వెళ్ళేదే. ఎక్కించే వంతెనలకి కరెంటు ఇంకా రాలేదు, జనాన్ని కింద నడిపించి మెట్ల మీంచి ఎక్కిస్తున్నారు. నేను బండిని విమానం ముక్కుకి తగిలించుకుని, చెవులకి ఫోన్లు పెట్టుకుని కూర్చున్నాను. అందరూ ఎక్కాక చక్రాల కుర్చీ ఒకటి వచ్చింది. అందులోంచి ఒక ముసలావిడ లేచింది. కమ్మీ పట్టుకుని, ఒక్కో మెట్టునీ ముందు కాలితో తడిమి, ఆ తర్వాత ఎక్కుతోంది. ఏ ఆటో పట్టుకుని వచ్చిందో, తిరుగు పాసుకి సీటెలా దొరికిందో, చేతిలో అమ్మడు ఆసుపత్రి కోసం సర్దిన సంచి.

అక్కా అని అరిచాను. ఇంజన్ల మోతలో నాకే వినపడలేదు. తలుపు మూసుకుంది. మెట్లు పక్కకి తీసుకుపోయారు.

బ్రేకులు తీశాం, నెట్టొచ్చు అని చెవిలో పైలట్ గొంతు. ఎంత పెద్ద విమానమైనా ముందుకి తనంతట తాను పోతుంది గానీ, వెనక్కి మాత్రం మాలాంటివాడు నెట్టందే కదలదు. వెనక ఇంకో విమానం చోటు కోసం కాచుకుని ఉంది. ఈ కొంగ కదలకపోతే అది రాలేదు, అది రాకపోతే అందులోవాళ్ళు ఇంకోటి అందుకోలేరు. ఇన్ని రోజులకి అప్పుడప్పుడే ముడి వీడుతున్న దారాన్ని మళ్ళీ చిక్కు పెట్టడమే. అందులో కూర్చున్నవాళ్ళందరికీ ఇళ్ళున్నాయి, ఎదురుచూసేవాళ్ళున్నారు. అన్నీ తెలుసు.

నేను నెట్టలేదు.

నెట్టొచ్చు అని మళ్ళీ అన్నాడు పైలట్. బండికేమైంది అని అడిగాడు. బండి బాగానే ఉందన్నాను. మరేమిటి అన్నాడు.

"లోపల ఒకావిడుంది. ఆవిడ దిగాలి."

ఎవరావిడ అన్నాడు.

"మా అమ్మాయి తల్లి" అన్నాను. ఎవరూ నిలదీయకుండా, ఎవరి ఉద్యోగం కోసమూ కాకుండా, ఆ మాట నా అంతట నేను అనడం అదే మొదలు.

నేను ఇంజను ఆపేశాను. తాళం తీసి చొక్కా జేబులో వేసుకున్నాను. పైన అద్దంలోంచి పైలట్లిద్దరూ వంగి నన్నే చూస్తున్నారు. దూరంగా జీపులో మా సూపర్‌వైజరు చేతులూపుతూ వస్తున్నాడు. చెవి ఫోన్లు తీసి సీటు మీద పెట్టి, బండి దిగి, అమ్మడు కూర్చునే కౌంటర్ వైపు నడవడం మొదలుపెట్టాను. సగం దూరం వెళ్ళేసరికి అమ్మడే గాజు తలుపు తోసుకుని ఎదురొచ్చింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. నా వెనక కదలకుండా నిలబడ్డ విమానాన్ని చూసింది, నన్ను చూసింది.

"నాన్నా, నిన్న జల్లెడ గదిలో నువ్వన్నది అబద్ధమా, నిజమా?" అంది.